హాలోజన్లు: మరుగు స్థానం పెరుగుతుంటే బంధం ఎందుకు బలహీనపడుతుంది?

ఇంటర్ కెమిస్ట్రీలో హాలోజన్ల పాఠం, అంటే 17వ గ్రూపు పాఠం తెరిస్తే పట్టికలో రెండు వరసల అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి మరుగు స్థానం. ఫ్లోరిన్ మైనస్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, క్లోరిన్ మైనస్ 34 దగ్గర, బ్రోమిన్ 59 దగ్గర, అయోడిన్ 184 దగ్గర. కిందికి వెళ్లేకొద్దీ పెరగడమే తప్ప తగ్గడం లేదు. రెండో వరస బంధ విఘటన శక్తి, అంటే అణువులో జంటగా ఉన్న రెండు పరమాణువులను విడదీయడానికి కావాల్సిన శక్తి. మోల్‌కు ఫ్లోరిన్‌లో అది సుమారు 159 కిలోజౌళ్లు, క్లోరిన్‌లో 243, బ్రోమిన్‌లో 193, అయోడిన్‌లో 151. ఒకసారి పైకి ఎగిరి, తర్వాత దిగుతూ పోతుంది.

ఈ రెండింటినీ కలిపేసి "అయోడిన్‌లో బంధం గట్టిది, అందుకే అది ఘనపదార్థం" అని రాసే విద్యార్థులు చాలామందే ఉంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పట్టికలోని అంకెలు అందుకు పూర్తిగా అడ్డం. నాలుగింటిలోనూ అందరికన్నా బలహీనమైన బంధం అయోడిన్‌దే. అయినా గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిగా గడ్డకట్టి ఉన్నదీ అదే.

తేడా ఎక్కడుందంటే, మరిగేటప్పుడు అణువు విడిపోదు. ద్రవ క్లోరిన్‌లో ఉన్నదీ జంట పరమాణువుల అణువే, ఆవిరైన క్లోరిన్‌లో ఉన్నదీ అదే. మరగడానికి తెగాల్సింది ఒక అణువుకూ దాని పక్క అణువుకూ మధ్య ఉన్న పట్టు మాత్రమే. ఆ పట్టు ఎంతో చెప్పే అంకె బాష్పీభవనోష్ణం, అంటే ద్రవాన్ని ఆవిరి చేయడానికి కావాల్సిన శక్తి. మోల్‌కు ఫ్లోరిన్‌కు అది 6.6 కిలోజౌళ్లు, క్లోరిన్‌కు 20.4, బ్రోమిన్‌కు 30, అయోడిన్‌కు దాదాపు 42.

ఇప్పుడు లోపలి బంధాన్ని బయటి పట్టుతో భాగించి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ఫ్లోరిన్‌లో లోపలి బంధం బయటి పట్టుకు 24 రెట్లు. క్లోరిన్‌లో 12 రెట్లు. బ్రోమిన్‌లో ఆరుకు కాస్త పైన. అయోడిన్‌లో నాలుగు రెట్లు కూడా లేదు. అడుగు అడుగుకీ దాదాపు సగానికి సగం పడిపోతోంది. ఈ గ్రూపు గురించి "కిందికి వెళ్లేకొద్దీ ద్రవీభవన, మరుగు స్థానాలు పెరుగును" అని ఒక్క వాక్యంతో సరిపెట్టడం తప్పు కాదుగానీ, అందులో సగం కథే ఉంది. అణువు లోపలికీ బయటికీ మధ్య ఉండే తేడా మెల్లమెల్లగా చెరిగిపోవడం ఈ గ్రూపులో జరుగుతున్న పెద్ద మార్పు. రంగు, మెరుపు, స్థితి అన్నీ చివరికి దాని దగ్గరికే వస్తాయి.

బయటి పట్టు ఎందుకు పెరుగుతోంది? "అణుభారం పెరుగుతుంది కాబట్టి" అనేది అందరికీ నోటికొచ్చే జవాబు. బరువుకూ మరుగు స్థానానికీ నేరుగా సంబంధం లేదు. మామూలు నీటికన్నా భారజలం సుమారు 11 శాతం బరువు, అయినా అది మరిగేది 101.4 డిగ్రీల దగ్గర. ఎలక్ట్రాన్ల సంఖ్య అంటే కొంత నయం. ఫ్లోరిన్ అణువులో 18 ఎలక్ట్రాన్లు, ఆర్గాన్‌లోనూ 18, వాటి మరుగు స్థానాలు మైనస్ 188, మైనస్ 186. ఇక్కడిదాకా లెక్క కుదిరింది.

కానీ 70 ఎలక్ట్రాన్లున్న మూడు పదార్థాలను పక్కపక్కన పెడితే ఆ లెక్క కూడా చెల్లదు. బ్రోమిన్ అణువులో 70 ఎలక్ట్రాన్లు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లోనూ సరిగ్గా 70. అయోడిన్ మోనోక్లోరైడ్‌లోనూ 70. వాటి అణుభారాలు 160, 146, 162, అంటే అటూఇటూగా ఒకటే. అయినా సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ మైనస్ 64 డిగ్రీల దగ్గరే ఘనం నుంచి నేరుగా వాయువైపోతుంది. బ్రోమిన్ 59 దాకా ఆగుతుంది. అయోడిన్ మోనోక్లోరైడ్ 97 దాకా.

ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయన్నది ఒక ఎత్తు, అవి ఎంత వదులుగా ఉన్నాయన్నది ఇంకో ఎత్తు. అణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ మేఘం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒక క్షణం ఇటు కాస్త ఎక్కువ, మరుక్షణం అటు. అలా ఒకవైపు ఒరిగినప్పుడు పక్క అణువులోని మేఘం కూడా దానికి తగ్గట్టు ఒరుగుతుంది, రెండింటి మధ్యా క్షణకాలం ఆకర్షణ పుడుతుంది. వీటినే లండన్ బలాలంటారు. మేఘం ఎంత సులువుగా ఒరిగితే ఆకర్షణ అంత ఎక్కువ. ఆ ఒరిగే గుణమే ధ్రువణశీలత. ఫ్లోరిన్‌లో బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి మరీ దగ్గర, కదలడానికి చోటుండదు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో 70 ఎలక్ట్రాన్లున్నా అందులో 54 ఫ్లోరిన్ చేతిలోనే ఉన్నాయి, అందుకే అంత తేలిగ్గా వాయువవుతుంది. టెఫ్లాన్ పెనానికి దోసె అంటుకోకపోవడంలో కూడా ఫ్లోరిన్ చేతిలోని ఈ బిగుతుకు పెద్ద వాటా ఉంది. అదే అయోడిన్‌లో బయటి ఎలక్ట్రాన్లు ఐదో కర్పరంలో, కేంద్రకానికి దూరంగా, లోపలి ఎలక్ట్రాన్ల అడ్డు వెనకాల ఉంటాయి. కొంచెం లాగితే చాలు, ఒరిగిపోతాయి. అయోడిన్ మోనోక్లోరైడ్‌కు దీనిపైన ఇంకో అదనపు బలం ఉంది: దాని రెండు చివర్లూ ఒకటి కావు, కాబట్టి శాశ్వత ధ్రువత్వం కూడా తోడవుతుంది.

ఈ బ్రోమిన్, అయోడిన్ మోనోక్లోరైడ్ జత వెనక ఒక చరిత్ర ఉంది. జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ దగ్గరికి క్రొయిట్స్‌నాక్ ఉప్పునీటి ఊటల నుంచి వచ్చిన నమూనాలో ఎర్రటి గోధుమరంగు ద్రవం దొరికింది. అది అయోడిన్ క్లోరైడ్ అయి ఉంటుందని తీర్మానించేసి సీసా పక్కన పెట్టేశాడు. 1826లో ఫ్రాన్స్‌లో బలార్ అదే ద్రవాన్ని కొత్త మూలకంగా ప్రకటించాక గానీ లీబిగ్‌కు తన పొరపాటు తెలియలేదు. రంగు దాదాపు అదే, అణుభారం దాదాపు అదే, చేతికి అంతే బరువుగా తగిలే ద్రవం. మరుగు స్థానం జాగ్రత్తగా కొలిచి ఉంటే 59కీ 97కీ తేడా తెలిసేదే. ఒక మూలకాన్ని కనిపెట్టిన ఘనత అక్కడ చేజారిపోయింది.

గది ఉష్ణోగ్రత దగ్గర మొదటి రెండూ వాయువులు, మూడోది ద్రవం, నాలుగోది ఘనం. ఒకే గ్రూపులో మూడు స్థితులూ కనిపించడం అరుదు. అయితే ఇందులో కొంత మన కాకతాళీయం కూడా ఉంది: మనం 25 డిగ్రీల చుట్టుపక్కల బతుకుతున్నాం కాబట్టి గీత అక్కడ పడింది. మైనస్ 50 డిగ్రీల లోకంలో క్లోరిన్ ద్రవం, బ్రోమిన్ రాయి.

క్లోరిన్‌ను ద్రవంగా మార్చడానికి అంత చలి కూడా అక్కర్లేదు, ఒత్తిడి చాలు. 1823లో మైకేల్ ఫారడే మూసిన గాజు గొట్టంలో ఆ పని చేసి చూపించాడు. 20 డిగ్రీల దగ్గర దాదాపు 7 వాతావరణ పీడనాలు పెడితే క్లోరిన్ ద్రవమవుతుంది. మంచినీటి శుద్ధి ప్లాంట్లలో కనిపించే 900 కిలోల టన్నర్లలో, అంటే పెద్ద ఉక్కు సిలిండర్లలో ఉండేది ఇలా ఒత్తిడి కింద ఉన్న ద్రవ క్లోరినే. ఒక లీటరు ద్రవం బయటపడితే సుమారు 450 లీటర్ల వాయువవుతుంది. అందుకే టన్నర్ లీకైనప్పుడు లీకున్న వైపు పైకి వచ్చేలా దాన్ని దొర్లిస్తారు. అలా చేస్తే లీకయ్యేది వాయువు మాత్రమే, ద్రవం కాదు. పైగా ఆ వాయువు గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు, నేలను అంటిపెట్టుకుని పల్లానికి పాకుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్‌ను ఆయుధంగా వాడినప్పుడు అది సైనికులు దాక్కున్న కందకాల్లోకే దిగింది. లీకు జరిగిన చోట గాలికి ఎదురుగా, ఎత్తైన చోటికి వెళ్లమని చెప్పేది కూడా ఇందుకే.

బ్రోమిన్ ద్రవమే అయినా నెమ్మదిగా కూర్చునే రకం కాదు. మామూలు పరిస్థితుల్లో ద్రవంగా ఉండే మూలకాలు రెండే, ఇదీ పాదరసమూ. గది ఉష్ణోగ్రత దగ్గరే దాని బాష్పపీడనం వాతావరణ పీడనంలో నాలుగో వంతు దాకా ఉంటుంది. సీసా మూత తీస్తే చాలు, ఎర్రటి గోధుమరంగు పొగ అంచు మీంచి కిందికి జారుతుంది. లీటరు బ్రోమిన్ మూడు కిలోలకు పైగా తూగుతుంది. మన దేశంలో దీన్ని గుజరాత్ కచ్ ప్రాంతపు ఉప్పునీటి నుంచి తీస్తారు.

అయోడిన్ దగ్గర ఒక పాత అపోహ గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. "అయోడిన్ కరగదు, నేరుగా ఆవిరవుతుంది" అని బడిలో నేర్పుతారు. పరీక్షనాళికలో చిటికెడు అయోడిన్ వేసి మెల్లగా వేడిచేస్తే ఊదారంగు ఆవిరి లేస్తుంది, పైన చల్లటి గాజుకు తగిలి నల్లటి మెరిసే పలుకులుగా పేరుకుంటుంది. మధ్యలో ద్రవం కనిపించదు. కాబట్టి ద్రవమే ఉండదని తేల్చేస్తారు. కానీ అయోడిన్‌కు ద్రవీభవన స్థానం ఉంది, 113.7 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రత దగ్గర దాని బాష్పపీడనం దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే, వాతావరణ పీడనమైన 760లో ఎనిమిదో వంతు. అంటే మామూలు ఒత్తిడి దగ్గర ద్రవ అయోడిన్ నిక్షేపంగా ఉండగలదు. ఇది డ్రై ఐస్ లాంటిది కాదు. కార్బన్ డయాక్సైడ్ ద్రవం కావాలంటే 5 వాతావరణ పీడనాలకు పైగా ఒత్తిడి కావాలి, అందుకే అది మన కళ్లముందు ఎప్పుడూ కరగదు. అయోడిన్ హారతి కర్పూరం తరహా: డబ్బాలో పెట్టినా కొద్దికొద్దిగా హరించుకుపోతుంది, గట్టిగా వేడిచేస్తే కరుగుతుంది కూడా. నాళికలో కొంచెం ఎక్కువ అయోడిన్ వేసి, ఆవిరి తప్పించుకునేలోపే త్వరగా వేడిచేస్తే అడుగున ముదురు రంగు ద్రవం కనిపిస్తుంది. ఆవిరి విషం కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

రంగుల వరస కూడా ఇదే మేఘం కథ, కాకపోతే వేరే వైపు నుంచి. ఫ్లోరిన్ లేత పసుపు, క్లోరిన్ ఆకుపచ్చ కలిసిన పసుపు, బ్రోమిన్ ఎర్రటి గోధుమ, అయోడిన్ ఆవిరి ఊదా. అణువులో ఎలక్ట్రాన్లు ఉండే శక్తి మెట్లను ఆర్బిటాళ్లంటారు. నిండి ఉన్న ఆర్బిటాళ్లలో అన్నిటికన్నా పైనున్న దానికీ, ఖాళీగా ఉన్న ప్రతిబంధక ఆర్బిటాల్‌కీ (ఎలక్ట్రాన్ చేరితే బంధాన్ని బలహీనపరిచేదానికి) మధ్య శక్తి తేడా కిందికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఆ తేడాకు సరిపడే కాంతినే అణువు పీల్చుకుంటుంది. ఫ్లోరిన్ ప్రధానంగా పీల్చుకునేది 285 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని. దాని తోక మాత్రమే ఊదా అంచుకు తగులుతుంది, అందుకే రంగు అంత వెలవెలబోతుంది. క్లోరిన్‌కు అది 330 దగ్గర, బ్రోమిన్‌కు 420 దగ్గర, అయోడిన్‌కు 520 దగ్గర. 520 అంటే ఆకుపచ్చ కాంతి. అయోడిన్ ఆకుపచ్చను మింగేస్తే మనకు మిగిలేది ఎరుపూ నీలమూ కలిసిన ఊదా.

మరి టింక్చర్ అయోడిన్ గోధుమరంగులో ఎందుకుంటుంది? అందులో ఉన్నదీ అయోడినే కదా. హెక్సేన్‌లో కరిగిస్తే అయోడిన్ ఆవిరిలో ఉన్నట్టే ఊదాగా ఉంటుంది, ఆల్కహాల్‌లో కరిగిస్తే గోధుమరంగులోకి మారుతుంది. ఆల్కహాల్‌లోని ఆక్సిజన్ తన ఒంటరి ఎలక్ట్రాన్ జంటను (బంధంలో పాల్గొనని జంటను) అయోడిన్ ఖాళీ ఆర్బిటాల్ వైపు కొంత వంచుతుంది. ఆ చిన్న ఇచ్చిపుచ్చుకోవడంతో శక్తి తేడా మారి, రంగు మారుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, అయోడిన్ అణువు పక్కవాళ్లతో ఎలక్ట్రాన్లు పంచుకోవడానికి ఇంత సులువుగా సిద్ధపడుతుంది. కాసేపట్లో దీని అవసరం పడుతుంది.

నీటిలో కరిగే గుణం మాత్రం తిన్నగా నడవదు. ఫ్లోరిన్ కరగడం మాట అటుంచి నీటినే విచ్ఛిన్నం చేస్తుంది. మామూలు పీడనం దగ్గర క్లోరిన్ లీటరుకు 7 గ్రాముల దాకా, బ్రోమిన్ 30 గ్రాములకు పైగా, అయోడిన్ 0.3 గ్రాము. అయోడిన్ అణువులు ఒకదాన్నొకటి పట్టుకున్నంతగా నీరు వాటిని పట్టుకోలేదు. అందుకే పొటాషియం అయోడైడ్ సాయం కావాలి.

ఫ్లోరిన్ దగ్గర లెక్క తప్పే గుణాలు కొన్ని ఉన్నాయి. దాని బంధం క్లోరిన్ బంధం కన్నా బలంగా ఉండాల్సింది, బలహీనంగా ఉంది. ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి కూడా ఫ్లోరిన్‌కు 328 కిలోజౌళ్లు, క్లోరిన్‌కు 349. రెండింటికీ కారణం ఒకటే, ఇరుకు. ఫ్లోరిన్ అణువులో రెండు కేంద్రకాల మధ్య దూరం 142 పికోమీటర్లే, క్లోరిన్‌లో 199. ఇంత దగ్గరగా ఉంటే ఇటు మూడు, అటు మూడు ఒంటరి జంటలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అయితే ఇవి అణువు లోపల, పరమాణువు లోపల జరిగే గొడవలు. అణువుల మధ్య సంగతైన మరుగు స్థానాల్లో ఫ్లోరిన్ వరస తప్పదు. హైడ్రోజన్‌తో కలిసినప్పుడు మాత్రం అక్కడా తలకిందులు చేస్తుంది: హైడ్రోజన్ క్లోరైడ్ మైనస్ 85, బ్రోమైడ్ మైనస్ 67, అయోడైడ్ మైనస్ 35 డిగ్రీల దగ్గర మరుగుతుంటే, అన్నిటికన్నా తేలికైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5 దాకా ఆగుతుంది. అది హైడ్రోజన్ బంధాల మహిమ.

ఇక్కడే ఒక మాట. నల్గొండ అనగానే మనకు ఫ్లోరిన్ గుర్తొస్తుంది, పత్రికలు కూడా "ఫ్లోరిన్ నీళ్లు" అనే రాస్తాయి. ఆ నీటిలో ఉన్నది ఈ లేత పసుపు వాయువు కాదు, రాళ్ల నుంచి కరిగి వచ్చిన ఫ్లోరైడ్ అయాన్. రంగూ వాసనా లేనిది. దాన్ని కంటితో గుర్తుపట్టలేకపోవడమే అంతమంది ఎముకలు వంగిపోవడానికి ఒక కారణం.

మళ్లీ అయోడిన్ దగ్గరికి వద్దాం. దాని స్ఫటికాలు లోహంలా మెరుస్తాయి. అలోహానికి ఆ మెరుపేమిటన్న ప్రశ్నకు జవాబు దూరాల్లో ఉంది. ఘన క్లోరిన్‌లో అణువు లోపల పరమాణువుల మధ్య దూరం 198 పికోమీటర్లు, పక్క అణువులోని దగ్గరి పరమాణువుకు 332. బ్రోమిన్‌లో 227, 331. అయోడిన్‌లో 272, 350. అంటే బయటి దూరం లోపలి దూరానికి క్లోరిన్‌లో సుమారు 1.7 రెట్లు, బ్రోమిన్‌లో 1.5, అయోడిన్‌లో 1.3. ఇందాకటి శక్తుల లెక్క చెప్పిన మాటే ఈ దూరాలూ చెబుతున్నాయి. అయోడిన్‌లో పక్క అణువు అంత పరాయిది కాదు. ఆల్కహాల్‌తో చేసిన ఇచ్చిపుచ్చుకోవడమే ఇక్కడ తోటి అయోడిన్ అణువులతో చేస్తోంది. ఒక అణువులోని ఒంటరి జంట పక్కదాని ఖాళీ ఆర్బిటాల్‌లోకి కొంత ఒరుగుతుంది. ఎలక్ట్రాన్లు ఒకే అణువుకు కట్టుబడి ఉండటం సడలుతుంది, మెరుపు వస్తుంది.

ఆ మిగిలిన కాస్త తేడాను కూడా ఒత్తిడితో చెరిపేయవచ్చు. సుమారు 16 గిగాపాస్కళ్ల దగ్గర, అంటే వాతావరణ పీడనానికి లక్షన్నర రెట్లకు పైగా ఒత్తిడిలో, అయోడిన్ లోహంలా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. 21 గిగాపాస్కళ్ల దగ్గర జంటలు విడిపోతాయి. లోపలి దూరం, బయటి దూరం అన్న తేడా ఇక ఉండదు.

ఈ లెక్కన వరసలో తర్వాతి మూలకం ఆస్టటీన్ సంగతేమిటి? 1940లో బర్క్‌లీలో కోర్సన్, మెకెంజీ, సెగ్రే దాన్ని తయారుచేశారు. దాని ఐసోటోపుల్లో ఎక్కువ కాలం నిలిచేదానికి కూడా అర్ధాయువు, అంటే సగం పరమాణువులు విఘటనం చెందే కాలం, 8.1 గంటలే. కంటికి కనిపించేంత ముద్ద ఎవరూ చూడలేదు, పోగుచేసినా తన రేడియోధార్మిక వేడికి తానే ఆవిరైపోతుంది. కొన్ని పుస్తకాల్లో "ద్రవీభవన స్థానం 302, మరుగు స్థానం 337" అని అచ్చవుతూ ఉంటుంది. అవి కొలతలు కావు, అయోడిన్ దాకా ఉన్న గీతను పొడిగించి రాసిన అంచనాలు. అది ఎంత తేలిగ్గా ఆవిరవుతుందో చూసి 1982లో మరుగు స్థానానికి కట్టిన ఇంకో అంచనా 230 డిగ్రీల దగ్గరికి వచ్చింది. 2013లో హెర్మన్, హాఫ్‌మన్, ఆష్‌క్రాఫ్ట్ చేసిన గణన అయితే ఆ గీతనే ప్రశ్నించింది: ఘన ఆస్టటీన్‌లో జంట అణువులే ఉండవని, మామూలు ఒత్తిడి దగ్గరే అది విడి పరమాణువుల లోహమవుతుందని తేల్చింది. బరువైన కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్ల వేగం పెరిగి సాపేక్షతా ప్రభావాలు బలపడటం అందుకు ఒక కారణం.

అదే నిజమైతే 230, 337 రెండూ పనికిరాకుండా పోతాయి. రెండూ జంట అణువులున్నాయని అనుకుని వేసినవి మరి. విడి పరమాణువు మీద చేయగల కొలతలు మాత్రం జరిగాయి. 2013లో దాని అయనీకరణ శక్తినీ, 2020లో యూరప్ పరిశోధనా కేంద్రం సెర్న్‌లో దాని ఎలక్ట్రాన్ అఫినిటీనీ (ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు విడుదలయ్యే శక్తినీ) లేజర్‌తో కొలిచారు. రెండోది 2.416 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే మోల్‌కు సుమారు 233 కిలోజౌళ్లు, అయోడిన్ విలువైన 295 కన్నా తక్కువ. అందుకు కొద్దిపాటి పరమాణువులు చాలు. మరుగు స్థానానికి అవి చాలవు, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే గుంపు కావాలి. దాని కింద 117వ మూలకం టెన్నెసిన్ ఉంది. అది సెకనులో చిన్న భాగం సేపే నిలుస్తుంది, ఒక్కోసారి ఒక్కో పరమాణువుగానే దొరుకుతుంది. పట్టికలో దాని పక్కన మరుగు స్థానం అంకె కనిపిస్తే అది కాగితం మీద వేసిన లెక్కే.